మా తాత నీరడి

ఈ వరుసలో పోయిన కొన్ని వారాలుగా పుస్తకాల గురించి రాస్తున్నాను. ఈసారి ఏ పుస్తకంలోనూ లేని ఒక మనిషి గురించి రాస్తాను. మా తాత. మా నాయిన వాళ్ల నాయిన. జనగామ దిక్కు ఒక ఊళ్లో, ఊరి చెరువుకు నీరడి.

తాత పోయి ఆరేళ్లయింది. ఆయన పెద్దదినం నాడు ఊళ్లో నుంచి కూడా నలుగురైదుగురు వాడకు వచ్చి మా వాకిట్లో కూర్చున్నారు. అందులో ఒక పెద్దాయన నా తల మీద చెయ్యి పెట్టి "మీ తాత ఈ ఊరికి చానా సేవ చేసిండు బిడ్డా" అన్నాడు. మనసులోంచే అన్నాడు, అందులో కల్మషం లేదు. కానీ ఆ 'సేవ' అనే మాట నన్ను వదల్లేదు. తెలుగు చదువుకున్నదాన్ని, తెలుగు పాఠం చెప్పి బతుకుతున్నదాన్ని. ఒక మాట ఎవరి నోట్లో ఏమవుతుందో చూడటం నా వృత్తి. కూలి ఇవ్వకుండా చేయించుకున్న పనికి, చేయించుకున్నవాడు పెట్టే ముద్దుపేరు కూడా సేవే. మనసుకు నచ్చి, ఎవరూ అడగకుండా చేసేదీ సేవే. మా తాత బతుకులో రెండూ ఉన్నాయి. రెండింటినీ ఒకే మాటతో కప్పేస్తే ఆయనకు అన్యాయం జరుగుతుంది. అందుకే ఈ వ్యాసం.

నీరడి అంటే తెలియని తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటారు. బోర్లు రాకముందు తెలంగాణలో ఊరి పంటంతా చెరువు మీద నడిచింది. చెరువు నిండితే ఊరు తిన్నట్టు, ఎండితే ఊరు వలస పోయినట్టు. ఆ చెరువు తూము తెరిచేది, మూసేది, కాలువ వెంట నడిచి మడి మడికీ నీళ్లు వంతు పెట్టేది నీరడి. మా ఊళ్లో ఆ పని మాల ఇళ్లది. నాలుగు ఇళ్ల మధ్య ఏడాదికొకరు చొప్పున వంతు తిరిగేది. మిగతా ముగ్గురికీ ఈత సరిగా రాక, ఓపిక లేక, చివరికి నాలుగు వంతులూ మా తాత మీదే పడ్డాయి.

పాత తూము ఇప్పటిలా ఇనుప షట్టరు, చక్రం ఉన్నది కాదు. కట్ట లోపలి వైపు, నీళ్ల మధ్యలో రెండు రాతి కంబాలు, వాటి మీద అడ్డరాయి. కింద రాతిబండకు రంధ్రం. ఆ రంధ్రానికి పొడుగాటి కర్ర చివర చెక్క బిరడా. చెరువు నిండుగా ఉన్నప్పుడు కట్ట మీంచి ఈదుకుంటూ పోయి, అడ్డరాయి మీద నిలబడి ఆ కర్రను లాగాలి. బిరడా బిగుసుకుంటే మునిగి లాగాలి. తెరుచుకున్న క్షణంలో నీళ్లు రంధ్రంలోకి గుంజుతాయి. కాలో చెయ్యో అటు పోయిందంటే మనిషి మిగలడు. యాసంగిలో, మాఘమాసపు చలిలో, తెల్లారకముందే తాత ఈ పని చేసేవాడు. ఒడ్డుకొచ్చి గొంగడి కప్పుకొని బీడీ ముట్టించేవాడు. ఆ బీడీ పట్టుకున్న వేళ్లు ఎప్పుడూ నానిపోయి, చర్మం ముడతలు పడి ఉండేవి. నాకు ఊహ తెలిసేనాటికి చెరువులో షట్టరు పెట్టి చాలా కాలమైంది, కానీ ఆ వేళ్ల తీరు మారలేదు.

వానాకాలంలో ఇంకో పని. ముసురు పట్టిన రాత్రి కందీలు పట్టుకొని కట్ట ఈ చివర నుంచి ఆ చివరకు తిరగాలి. ఎలుక తవ్విందో, ఎండ్రకాయ తవ్విందో చిన్న బుంగ పడితే తెల్లారేసరికి గండి అవుతుంది. గండి పడితే కింద ఉన్న పొలాలు పోతాయి, అందరికన్నా ముందు పల్లంలో ఉన్న మా వాడ పోతుంది. తాత కట్ట మీద చెవి ఆనించి వినేవాడట. లోపల నీళ్లు కదిలే చప్పుడు తేడాగా ఉంటే అక్కడ తంగెడు కొమ్మలు, బంకమట్టి, ఇసుక మూటలు. మత్తడి దుంకిన రోజు మాత్రం ఆయనకు పండుగ. కట్టమైసమ్మకు కల్లు సాక పోసి, మనిషి కూడా కొంచెం తాగి, ఎవరూ అడగకపోయినా చెరువు ఎన్ని అడుగులుందో దారిన పోయేవాళ్లందరికీ చెప్పేవాడు.

గడియారం లేని మనిషి. రాత్రి నీళ్ల వంతులు చుక్కలను చూసి పెట్టేవాడు. పిల్లలకోడి ఎక్కడిదాకా వచ్చిందో, గొరుకొయ్యలు ఎక్కడ వాలాయో, వేగుచుక్క ఎప్పుడు పొడుస్తుందో లెక్క. నేను ఆయన మొదటి మనవరాలిని. సెలవుల్లో నన్ను కట్ట మీద కూర్చోబెట్టి ఈ చుక్కలు చూపించేవాడు. బడి మొఖం చూడని మనిషి. కానీ ఎంత నీళ్లుంటే ఎన్ని ఎకరాలు పారుతుందో తూము రాయి మీద తడి గీత చూసి చెప్పేవాడు. యాసంగికి ముందు తైబందీ అని జరిగేది. చెరువులో ఉన్న నీళ్లను బట్టి ఈసారి ఆయకట్టులో ఏ మళ్లకు నీళ్లివ్వాలి, ఏవి బీడు పెట్టాలి అని ఊరి పెద్దలు కూర్చొని తేల్చుకునే పద్ధతి. ఆ కూర్చున్నవాళ్లంతా మంచాల మీద. లెక్క చెప్పే నీరడి కింద, దూరంగా, చేతులు కట్టుకొని. లెక్క మాత్రం ఆయనదే.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. మా తాత ముట్టిన నీళ్లు ఊరి ప్రతి మడిలోకీ పోయేవి. ఆ నీళ్లతో పండిన వడ్లు ప్రతి ఇంట్లో అన్నమయ్యేవి, గుడిలో నైవేద్యమయ్యేవి. కానీ ఊరి చేదబావి గద్దె మీద ఆయన కాలు పెట్టడానికి లేదు. ఎండాకాలం దూపైతే బావి పక్కన నిలబడి దోసిలి పట్టాలి, ఎవరో దయతలచి పైనుంచి పోయాలి. మా వాడ ఆడోళ్లు వాగులో చెలిమ తోడుకొని, ఊరేదాకా కూర్చొని, ముంతతో కడవ నింపుకొని వచ్చేవాళ్లు. అదే చెయ్యి, అదే నీళ్లు. తూము దగ్గర పవిత్రం, బావి దగ్గర అపవిత్రం. ఇందులో తర్కం వెతకొద్దు. చెరువు దగ్గర చలికి మునగాల్సింది వేరేవాళ్లయితే ఈ నియమం ఇలా ఉండేది కాదు, అంతే.

1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు తాగారు. ఈ సంగతి క్లాసులో చెప్పిన ప్రతిసారీ నాకు మా తాతే గుర్తొస్తాడు. చెరువు నీళ్లు తాగడానికి అక్కడ అంత పోరాటం చేయాల్సి వచ్చింది. ఇక్కడ ఒక మనిషి చెరువుకు తాళంచెవిలాంటివాడై, బతుకంతా దూపతో ఉన్నాడు.

ఈ పనికి ఇచ్చేదేమిటి? రెండు. ఒకటి, చెరువు కింద ఎకరంన్నర నీరడి ఇనాం భూమి. నాలుగిళ్ల మధ్య అది. రెండు, కోతలప్పుడు కల్లం దగ్గర ఇంటింటికీ ఇన్ని కుంచాలని వడ్లు. వినడానికి బాగానే ఉంటుంది. కల్లం దగ్గరికి మా బాపమ్మ చాట, గోనెసంచి పట్టుకొని పోయి, పొద్దుగూకేదాకా దూరంగా నిలబడేది. కొలిచేది వాళ్లు. కుంచం నిండా కొలుస్తారో, వెలితిగా కొలుస్తారో, తాలు కలిపి పోస్తారో వాళ్లిష్టం. "మన కూలి మనకియ్యనీకి వాళ్ల మొకాలు చూడాలె. గదేం కూలి?" అనేది బాపమ్మ.

బాపమ్మ అడిగిన ఈ ప్రశ్ననే అంబేద్కర్ చట్టసభలో అడిగారు. మహారాష్ట్రలో మహర్లకు 'వతన్' ఉండేది. ఊరి చాకిరీకి బదులు కాస్త భూమి, పైన రైతులిచ్చే బలుతా ధాన్యం. 1928లో ఆయన బొంబాయి శాసనమండలిలో దీని మీద సవరణ బిల్లు పెట్టారు. ధాన్యానికి బదులు నగదు రూపంలో జీతం రావాలన్నది అందులో ముఖ్యమైన కోరిక. బిల్లు నెగ్గలేదు. కానీ ఆయన పట్టుకున్న సూత్రం చాలా లోతైనది. కూలి ఎవరి దయ మీద ఆధారపడితే వాళ్లకు ఎదురు చెప్పలేం. భూమి తోకలా పట్టుకొని ఉంటే ఊరు విడిచి పోలేం. తండ్రి చేసిన చాకిరీ కొడుకుకు ఆస్తిలా వస్తుంది. వతన్ అయినా, నీరడి ఇనాం అయినా, సేత్‌సింధి ఇనాం అయినా చూడటానికి మాన్యం, లోపల మాత్రం పలుపుతాడు.

ఆ తాడు ఎంత దూరం లాగేదంటే, నీరడి పని నీళ్లతో ఆగేది కాదు. అధికారి దౌరాకు వస్తే సామాను మొయ్యాలి. పట్వారీ చీటీ పక్క ఊరికి చేర్చాలి. గడిలో పెండ్లయితే కట్టెలు కొట్టాలి. ఇదంతా వెట్టి. తెలంగాణ సాయుధ పోరాటం మా చుట్టుపక్కల ఊళ్లలోనే నడిచింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య చనిపోయిననాటికి మా తాత చిన్నపిల్లగాడు. దొరలు పారిపోయారు, మళ్లీ వచ్చారు, రూపం మార్చుకున్నారు. తాత పెరిగి పెద్దయ్యేసరికి 'బాంచెన్' అనే మాట తగ్గింది. పని తగ్గలేదు.

ఇదంతా చెప్పాక, ఆయన ఇష్టంగా చేసింది కూడా చెప్పాలి. అది చెప్పకపోతే మా తాతను నేను ఉత్త బాధితుణ్ని చేసినదాన్నవుతాను. ఆయన అట్లాంటి మనిషి కాదు.

1972 కరువు సంగతి మా నాయిన చెప్తాడు. అప్పుడు నాయినకు పదేళ్లు. చెరువులో బురద మీద జానెడు నీళ్లు. తైబందీలో ఇన్ని మళ్లకే అని తేల్చారు. కాలువ మొదట్లో పెద్ద భూములు, చివర్లో గొల్లోళ్లవి, చాకలోళ్లవి, మా వాడోళ్లవి చెక్కలు. కాలువ మొదట్లో ఉన్నవాడు రాత్రి ఒడ్డు తెగ్గొట్టి రెండోసారి పారించుకుంటే చివరి మళ్లు ఎండుతాయి. ప్రతి ఊళ్లో జరిగేదే. ఆ యాసంగి తాత ఇంట్లో పడుకోవడం మానేశాడు. కాలువ మొదట్లోనే, పెద్ద భూముల పక్కన, పార తల కింద పెట్టుకొని పడుకునేవాడు. ఒక రాత్రి ఇద్దరు పాలేర్లు వచ్చి ఒడ్డు తెంపబోయారు. తాత లేచి ఆ తెంపిన చోట అడ్డంగా కూర్చున్నాడు. "నన్ను తవ్వి తీసుకపోన్రి నీళ్లు" అన్నాడట.

కొట్టారు. చేయి వాచింది. ఆ ఏడు కల్లం దగ్గర ఆ ఇంటి వడ్లు రాలేదు, ఆ మరుసటి ఏడు కూడా రాలేదు. కానీ చివరి మళ్లు పండాయి. ఆ పండినవాళ్లు ఒక్కొక్కరు తమ వంతు కన్నా ఒక మానెడు ఎక్కువ తెచ్చి మా ఇంటి ముందు పోశారట. నాయిన ఈ మాట చెప్పేటప్పుడు గొంతు మారుతుంది. "ఆ వడ్లు తిన్నం రా" అంటాడు.

ఇది సేవ. దీన్ని ఎవరూ ఆయనతో చేయించలేదు. ఇనాం పత్రంలో లేదు, ఆచారంలో లేదు. నీళ్లు ఎవరికి ఎంత అన్న విషయంలో ఆయనకో న్యాయం ఉంది. నాకు రాజ్యాంగం తర్వాత అంతగా నచ్చిన న్యాయం అదే: చివరి మడి తడిసిందా లేదా అన్నదే లెక్క.

ఇంకో రెండు పనులు. చెరువులో ఎవరు మునిగినా, ఏ కులమైనా, ఏ వేళైనా ఆయన్ను పిలిచేవాళ్లు. కొందరిని బతికించి తెచ్చాడు. చాలామందిని శవాలుగా తెచ్చాడు. ఒడ్డుకు చేర్చాక అయినవాళ్లు శవం మీద పడి ఏడుస్తుంటే, తాత పక్కకు జరిగి దూరంగా కూర్చునేవాడు. దానికి ఎవరి దగ్గరా పైస తీసుకోలేదు. "పీనుగ మీద పైసలా?" అనేవాడు. ఇక రెండోది, వాడ పిల్లల చదువు. మా నాయినను జనగామ హాస్టల్లో చేర్చడానికి నడిపించుకుపోయినప్పుడు ఒక్కణ్ని తీసుకుపోలేదు. వాడలో ఆ ఈడు పిల్లలు నలుగురిని కలిపి తీసుకుపోయాడు. "నీరడి పని ఒక్కనికి వంతు. సదువు అందరికి వంతు" అన్నాడట. ఆ నలుగురిలో ఇద్దరు ఉద్యోగాలు చేసి రిటైరయ్యారు. మా నాయిన ఒకరు. ఇవాళ నా పేరు ముందు ఉన్న 'డాక్టర్' ఆ నడకలో మొదలైంది.

అయితే ఇంట్లో లెక్క చూసేది బాపమ్మ. ఊరి గురించి గొప్పగా చెప్పుకునే ప్రతి తాత వెనకా అలసిపోయిన ఒక బాపమ్మ ఉంటుంది. ఆమెను వదిలేసి రాస్తే అది సగం చరిత్రే. తాత రాత్రంతా కట్ట మీద ఉంటే ముగ్గురు పిల్లలతో కురిసే గుడిసెలో ఉన్నది ఆమె. పొద్దంతా నాట్లు వేసి, వచ్చి, చెలిమకు పోయేది ఆమె. "ఊరందరికి నీళ్లు పంచుతవ్, నీ ఇంట్ల కుండ ఎవలు నింపాలె?" అని అడిగేది. తాత దగ్గర జవాబు ఉండేది కాదు. నవ్వేవాడు. ముసలితనంలో మాత్రం, వాడకు నల్లాలు వచ్చాక, పొద్దున్నే లేచి బిందెలు నింపి పెట్టడం ఆయన తన పనిగా పెట్టుకున్నాడు. బాపమ్మను నల్లా దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

నీరడి పని ఎలా పోయింది? ఎవరూ రద్దు చేయలేదు. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ పోయినప్పుడు వాడంతా సంబురం చేసుకుంది, కింద పనిచేసేవాళ్ల బతుకు మాత్రం కొద్దిపాటి గౌరవ వేతనం దగ్గరే ఆగింది. ఆ తర్వాత బోర్లు వచ్చాయి. డబ్బున్న ప్రతి రైతూ తన చేలో తన నీళ్లు తోడుకున్నాక చెరువు ఎవరికీ అక్కర్లేకపోయింది. వంతు అనే మాట పోయింది. కాలువలు పూడిపోయాయి. శిఖం భూములు కబ్జా అయ్యాయి. ఉమ్మడిగా పంచుకోవాల్సినప్పుడు పంచేవాడు కావాలి. ఎవరిది వాళ్లు తోడుకునేటప్పుడు నీరడి ఎందుకు? 2015లో మిషన్ కాకతీయ పేరుతో చెరువుల పూడిక తీశారు, మంచిదే. మా చెరువు పూడిక తీసిన రోజు తాత కర్ర పట్టుకొని కట్ట మీద నిలబడి పొద్దంతా చూశాడు. పాత తూము రాళ్లు బయటపడ్డాయి. వాటిని చేతితో తడిమి చూశాడు. ఆయన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

ఇనాం భూమి సంగతి ఇంకా తేలలేదు. తెలంగాణ ప్రాంతంలో ఇనాముల రద్దు చట్టం 1955లోనే వచ్చింది. చట్టం పుస్తకంలో ఉన్నంత మాత్రాన పట్టా చేతికి రాదు. తాత ఓఆర్‌సీ కాగితం కోసం ఎన్నిసార్లు ఆఫీసుకు తిరిగాడో లెక్కలేదు. పోయిన ప్రతిసారీ ఇంకో కాగితం అడిగారు. చదువు రాని మనిషిని కాగితాలతో ఓడించడం చాలా సులువు. ఇప్పుడు ఆ ఫైలు నా దగ్గరుంది. ఖాస్రా పహాణీ నకలులో మా ముత్తాత పేరు ఉంది. ఆ పేరు చూసిన రోజు నేను పరిశోధనలో చూసిన ఏ తాళపత్రమూ నన్ను అంతగా కదిలించలేదు.

ఎంఏ విద్యార్థులకు సప్తసంతానాల గురించి చెప్తాను. కొడుకు, చెరువు, కావ్యం, నిధి, గుడి, తోట, అగ్రహారం. వీటిలో ఏది నిలబెట్టినా మనిషికి సంతానం ఉన్నట్టే అని మన కవులు రాజులను పొగిడారు. చెరువు తవ్వించినవాడి పేరు శాసనంలో ఉంటుంది. రామప్ప, పాకాల, లక్నవరం చూడటానికి మనం బస్సులు కట్టుకొని పోతాం. కానీ చెరువు ఒకసారి తవ్వితే నిలిచేది కాదు. ప్రతి రాత్రీ ఎవరో దాన్ని కాపాడాలి. ఎనిమిది వందల ఏళ్లు ఒక చెరువు బతికిందంటే అన్ని వేల రాత్రులు ఎవరో కట్ట మీద మేల్కొని ఉన్నారని అర్థం. తెలంగాణ నీటి చరిత్ర రాసేవాళ్లు ఆ మేల్కొన్నవాళ్ల దగ్గర మొదలుపెట్టాలని నా వాదన.

నా విద్యార్థులకు, ఉద్యమంలో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. మీ ఇంట్లో తాతలు, బాపమ్మలు, అమ్మమ్మలు ఇంకా ఉంటే ఫోన్లో రికార్డింగ్ పెట్టి వాళ్ల పక్కన కూర్చోండి. ఏం బాధలు పడ్డారని ముందే అడగకండి, ఏం పని చేశారని అడగండి. పనిముట్ల పేర్లు, కొలతల పేర్లు, చుక్కల పేర్లు రాసుకోండి. బాధ దానంతట అదే వస్తుంది. పని అడక్కపోతే మాత్రం ఆ పనిలోని తెలివి వాళ్లతోనే పోతుంది. మీ ఇంటికి సేత్‌సింధి, నీరడి, బలుతా ఇనాం ఏదైనా ఉండేదేమో కనుక్కోండి. ఉంటే 1954–55 ఖాస్రా పహాణీ నకలు తీయించండి. అందులో మీ ముత్తాత పేరు ఉండొచ్చు. అది మీ హక్కు మొదలయ్యే చోటు. ఇక ఎవరైనా 'మీవాళ్లు ఊరికి సేవ చేశారు' అంటే, గౌరవంగానే అడగండి: కూలి ఎంత ఇచ్చారు?

మా చిన్నాయిన కొడుకు వీఆర్‌ఏగా చేసేవాడు. 2023లో తెలంగాణలో వీఆర్‌ఏలను పే స్కేలులోకి తీసుకున్నప్పుడు వాడికి నీటిపారుదల శాఖలో లస్కర్ ఉద్యోగం వచ్చింది. అంటే మళ్లీ కాలువలు, మళ్లీ తూములే. తేడా ఏమిటంటే వాడికి నెల మొదట్లో బ్యాంకులో జీతం పడుతుంది. ఎవరి కల్లం దగ్గరా చాట పట్టుకొని నిలబడాల్సిన పని లేదు. పోయిన నెల జ్వరం వచ్చి మూడు రోజులు సెలవు పెట్టాడు. ఆ సంగతి విని బాపమ్మ అడిగింది: "సెలవు పెడితే పైసలు కోసుకోరా?" కోసుకోరని వాడు చెప్పాడు. ఆమె నమ్మలేదు. మళ్లీ అడిగింది.

జై భీమ్.